పది కిలోబైట్ల సంసారం: ఇంటర్నెట్‌కు కలిసిన సెన్సర్ నోడ్లలో మెమరీ సర్దుబాటు

వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌ల మీద మనం చెప్పుకుంటున్న వరుసలో ఇవాళ మెమరీ గురించి మాట్లాడుకుందాం. పోయిన ఎపిసోడ్‌లో బ్యాటరీ గురించి చెప్పుకున్నాం కదా. అది చూసిన ఒక విద్యార్థిని మెయిల్ రాశారు. "సార్, నా ఫోన్‌లోనే 8 జీబీ ర్యామ్ ఉంది. మెమరీ ఇంత చవగ్గా దొరుకుతుంటే ఈ నోడ్లలో 10 కేబీతో ఎందుకండీ ఇన్ని తిప్పలు? ఇంకో మెగాబైట్ పెట్టేస్తే పోలా?" అని.

మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా ముందుకు వెళితే ఇవాళ చెప్పబోయేదంతా ఉత్త పిసినారితనంలా కనిపిస్తుంది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మైక్రోకంట్రోలర్ లోపల ఉండేది ఎస్‌ర్యామ్. అందులో మామూలుగా ఒక్కో బిట్‌కు ఆరు ట్రాన్సిస్టర్లు కావాలి. ఫ్లాష్ మెమరీలో అయితే ఒక్క ట్రాన్సిస్టర్‌తో పని అయిపోతుంది. అందుకే ఏ చిప్ డేటాషీట్ తీసినా ఫ్లాష్ ఎక్కువ, ర్యామ్ తక్కువ ఉంటుంది. అది మొదటి సంగతి. రెండోది ఇంకా ముఖ్యం. ర్యామ్‌లో ఉన్నది నిలబడాలంటే కరెంటు ఇస్తూనే ఉండాలి. మన నోడ్ రోజులో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు నిద్రపోతూ ఉంటుంది. ఆ నిద్రలో కూడా ర్యామ్ మేలుకునే ఉండాలి, దానికి కరెంటు కారుతూనే ఉంటుంది. రెండు పెన్సిల్ సెల్లుల మీద రెండేళ్ళు నడవాల్సిన వస్తువులో ఆ కారుడే పెద్ద ఖర్చు. ఫోన్‌ని మనం రోజూ రాత్రి చార్జింగ్ పెడతాం. కొండ మీద పాతిన నోడ్‌కి ఎవరు పెడతారు?

సరే, ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఈ రంగంలో బాగా వాడిన బోర్డు ఒకటి ఉంది, టీమోట్ స్కై. దీన్నే టెలోస్‌బీ అని కూడా అంటారు, బర్క్‌లీలో పుట్టింది. అందులో ఎంఎస్‌పీ430 చిప్, 10 కేబీ ర్యామ్, 48 కేబీ ప్రోగ్రామ్ ఫ్లాష్, విడిగా 1 ఎంబీ ఫ్లాష్ ఉంటాయి. అంతకుముందు వచ్చిన మైకా బోర్డులలో ర్యామ్ 4 కేబీయే. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7228 అనే పత్రంలో ఇలాంటి చిన్న పరికరాలను మూడు తరగతులుగా విడగొట్టారు. క్లాస్ 0 అంటే 10 కేబీ కంటే బాగా తక్కువ ర్యామ్ ఉన్నవి. క్లాస్ 1 అంటే సుమారు 10 కేబీ ర్యామ్, 100 కేబీ ఫ్లాష్. క్లాస్ 2 అంటే సుమారు 50 కేబీ ర్యామ్, 250 కేబీ ఫ్లాష్. ఇప్పుడు 256 కేబీ ర్యామ్ ఉన్న చిప్పులు కూడా వచ్చాయి, కాదనను. కానీ వాటి మీద పెట్టే బరువు కూడా పెరిగింది. ఎన్‌క్రిప్షన్ కావాలి, గాలిలోంచే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కావాలి. టీఎల్‌ఎస్‌లో ఒక్క రికార్డు 16 కేబీ దాకా ఉండొచ్చు. అంటే జీతం పెరిగింది, అద్దె కూడా పెరిగింది అన్నమాట. అందుకని 10 కేబీ సంసారం నేర్చుకున్నవాడికి 256 కేబీ సంసారం సులువు. తిరగేస్తే మాత్రం కుదరదు.

10 కేబీ అంటే 10,240 బైట్లు. ఇందులో ఇంటర్నెట్ ప్యాకెట్ ఎంత తింటుందో చూద్దాం.

ఇంటర్నెట్‌కు కలపాలి అంటే ఐపీవీ6 మాట్లాడాలి. ఐపీవీ6 ఒక షరతు పెడుతుంది: ఏ లింక్ అయినా కనీసం 1280 బైట్ల ప్యాకెట్‌ను మోయగలగాలి. మన రేడియోనేమో ఐఈఈఈ 802.15.4. దాని ఫ్రేమ్ మొత్తం 127 బైట్లు. అందులో రేడియో తన హెడర్లకు, సెక్యూరిటీకి తీసుకోగా అధ్వాన్న పరిస్థితిలో మిగిలేది 81. ఐపీవీ6 హెడర్ ఒక్కటే 40 బైట్లు. ఇక 41. యూడీపీకి 8 పోతే 33. చూశారా, 127 బైట్ల కవరులో ఉత్తరం రాసుకోవడానికి 33 బైట్లు. మిగతాదంతా చిరునామాలే.

దీనికి విరుగుడుగా వచ్చిందే 6లోపాన్. 2007లో మొదటి ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 4944, 2011లో హెడర్ కుదింపును బాగుచేస్తూ ఆర్‌ఎఫ్‌సీ 6282. ఆ 40 బైట్ల హెడర్‌ను, పక్కనే ఉన్న నోడ్‌తో మాట్లాడేటప్పుడు 2 బైట్లకు, మధ్యలో ఇతర నోడ్లు దాటి వెళ్ళేటప్పుడు 7 బైట్లకు కుదించవచ్చు. ఇది ఎలా సాధ్యం అంటే, ఇద్దరికీ ముందే తెలిసిన విషయాన్ని మళ్ళీ రాయనక్కర్లేదు కాబట్టి. ఊళ్ళో పోస్ట్‌మ్యాన్‌కి "సుబ్బమ్మగారి అబ్బాయికి" అంటే చాలు, పిన్‌కోడ్ అక్కర్లేదు. అలాగన్నమాట.

కుదించినా పట్టని పెద్ద ప్యాకెట్‌ను ముక్కలు చేసి పంపాలి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది, కాసేపు ఇక్కడ ఆగుదాం.

1280 బైట్ల ప్యాకెట్ వచ్చిందనుకోండి. సెక్యూరిటీ లేకపోతే ముక్కకు 96 బైట్ల చొప్పున 14 ముక్కలు అవుతుంది. ఈ ముక్కలన్నీ ఒక్కసారే రావు, వరుసగా వస్తాయన్న హామీ కూడా లేదు. అందుకని మొదటి ముక్క రాగానే నోడ్ ఏం చేస్తుంది? "మొత్తం 1280 బైట్లు" అని ఆ ముక్క మీద రాసి ఉంటుంది, అది చూసి 1280 బైట్ల చోటు కేటాయిస్తుంది. మన 10 కేబీలో ఎనిమిదో వంతు ఒక్క ప్యాకెట్‌కి పోయింది. ఇప్పుడు ఒక ముక్క దారిలో పోయిందనుకోండి. ఆ చోటు ఊరికే ఖాళీ అవదు. మిగతా ముక్క వస్తుందేమోనని నోడ్ ఎదురుచూస్తూ ఉంటుంది. ప్రమాణం ప్రకారం 60 సెకన్ల దాకా ఎదురుచూడవచ్చు. రేడియోలో ఒక్కో ఫ్రేమ్ నూటికి 95 సార్లు చేరుతుందని, మళ్ళీ పంపే ఏర్పాటు లేదని అనుకుందాం. 14 ముక్కలూ చేరే అవకాశం ఎంత? 0.95ను పద్నాలుగుసార్లు గుణించండి, 0.49 వస్తుంది. సగానికి సగం ప్యాకెట్లు పోయినట్టే, పోయిన ప్రతిదీ నిమిషం దాకా చోటు పట్టుకుని కూర్చున్నట్టే. అసలైన నెట్‌వర్క్‌లో లింక్ దగ్గరే మళ్ళీ పంపుతారు కాబట్టి ఇంత ఘోరంగా ఉండదు. కానీ అది ఎక్కడికి దారి తీస్తుందో మీకు అర్థమైంది కదా.

ఇందులోనే ఒక దాడి దాగి ఉంది. శత్రువుకు పెద్ద తెలివి అక్కర్లేదు. "నాది 1280 బైట్ల ప్యాకెట్, ఇదిగో మొదటి ముక్క" అని ఒక్క ఫ్రేమ్ పంపి ఊరుకుంటాడు. నోడ్ చోటు కేటాయించి ఎదురుచూస్తుంది. నిమిషానికి ఒకసారి అలాంటి ఫ్రేమ్ పంపుతూ ఉంటే చాలు, ఒకే ఒక్క రీఅసెంబ్లీ బఫర్ ఉన్న నోడ్ ఇక నిజమైన పెద్ద ప్యాకెట్ ఏదీ తీసుకోలేదు. రైల్లో తువ్వాలు పరిచి వెళ్ళిపోయినట్టు. ఈ బలహీనత మీద 2013లోనే పరిశోధన పత్రం వచ్చింది. అందులో సూచించిన పద్ధతి ఏంటంటే, మొత్తం చోటు ముందే ఇవ్వొద్దు, ముక్క వచ్చిన మేరకే ఇవ్వు, చోటు నిండినప్పుడు ఎవరి ముక్కలు సరిగా రావడం లేదో చూసి వాళ్ళని లేపెయ్.

నన్నడిగితే, ముక్కలు చేసే అవసరమే రాకుండా చూసుకోవడం ఇంకా మేలు. అంటే ఆ పని పై పొరలో చేయాలి. కోఆప్ అనే ప్రోటోకాల్ ఉంది, హెచ్‌టీటీపీకి చిట్టి చెల్లెలు లాంటిది, 2014లో ప్రమాణమైంది. 2016లో దానికి బ్లాక్‌వైజ్ ట్రాన్స్‌ఫర్ అని చేర్చారు. 16 బైట్ల నుంచి 1024 బైట్ల దాకా బ్లాక్ సైజు మనమే ఎంచుకోవచ్చు. 64 పెట్టుకుంటే ఒక్కో బ్లాక్ ఒక్క ఫ్రేమ్‌లో సరిపోతుంది. ఒక బ్లాక్ వస్తుంది, "అందింది, తరువాతిది పంపు" అంటాం, అది వస్తుంది. పోయిన బ్లాక్ ఒక్కటే మళ్ళీ వస్తుంది. 40 కేబీ కొత్త సాఫ్ట్‌వేర్‌ను 10 కేబీ ర్యామ్ ఉన్న నోడ్‌లోకి ఎలా దించుతారు అని చాలామంది అడుగుతారు. ఇలాగే. వచ్చిన బ్లాక్‌ని ఫ్లాష్‌లో రాసెయ్యడం, ర్యామ్‌లోంచి వదిలెయ్యడం. కాస్త నెమ్మదే, అయినా నాకు నెమ్మదితనంతో పేచీ లేదు.

ఇప్పుడు ప్యాకెట్ లోపలికి వచ్చాక ఏమవుతుందో చూద్దాం. లైనక్స్‌లాంటి పెద్ద సిస్టమ్‌లో ఒక్కో ప్యాకెట్‌కు ఒక్కో బఫర్ ఇస్తారు. ఇక్కడ అది కుదరదు. స్వీడన్‌లో ఆడమ్ డంకెల్స్ అనే ఆయన 2000ల మొదట్లో యూఐపీ అనే టీసీపీ/ఐపీ స్టాక్ రాశారు. కాంటికీ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఆయనదే. ఆ రోజుల్లో ఎనిమిది బిట్ల చిప్ మీద టీసీపీ నడవదని చాలామంది నమ్మేవాళ్ళు. ఆయన చేసిన పని చూడండి: మొత్తం స్టాక్‌కి ఒకే ఒక ప్యాకెట్ బఫర్. లోపలికి వచ్చేదీ అందులోకే, బయటికి పోయేదీ అందులోంచే. ప్యాకెట్ వచ్చిందా, అప్లికేషన్ వెంటనే చదువుకోవాలి. అట్టిపెట్టుకోవాలంటే కాపీ చేసుకోవాలి. లేదంటే తరువాతి ప్యాకెట్ దాని మీద పడుతుంది.

మరి టీసీపీలో పంపింది పోతే మళ్ళీ పంపాలి కదా, దాని కాపీ ఎక్కడ దాస్తాం? యూఐపీ దాచదు! అప్లికేషన్‌నే "ఇందాక ఏం చెప్పావో మళ్ళీ చెప్పు" అని అడుగుతుంది. వెబ్ పేజీ ఫ్లాష్‌లోనే ఉంది కాబట్టి అప్లికేషన్ దాన్ని మళ్ళీ తయారుచేసి ఇస్తుంది. మెమరీ బదులు కాసిని సీపీయూ సైకిళ్ళు ఖర్చుపెట్టారన్నమాట. ఈ ఆలోచన నాకు చాలా ఇష్టం. మళ్ళీ పుట్టించగలిగినదాన్ని దాచుకోవడం దేనికి?

దీనికీ మూల్యం ఉంది. యూఐపీ ఒక కనెక్షన్‌లో ఒక్క సెగ్మెంట్ పంపి, దానికి అక్‌నాలెడ్జ్‌మెంట్ వచ్చేదాకా రెండోది పంపదు. అవతల పక్కన పెద్ద కంప్యూటర్ ఉంటే అదేమో "రెండో సెగ్మెంట్ కూడా రానీ, రెండిటికీ కలిపి ఒకే అక్ ఇద్దాం" అని కొంతసేపు ఆగుతుంది. వీడు దానికోసం, అది వీడికోసం! "మీరు ముందు" అంటే "మీరే ముందు" అనుకుంటూ ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడిపోయినట్టు. దీన్ని దాటడానికి ఒకే సెగ్మెంట్‌ను రెండుగా విరిచి పంపే చిట్కా యూఐపీతోనే ఇచ్చారు.

టైనీఓఎస్‌ వాళ్ళు, అంటే బర్క్‌లీ వాళ్ళు, ఇదే సమస్యను ఇంకోలా పట్టుకున్నారు. రేడియో మీకొక నిండిన బఫర్ ఇస్తుంది. మీరు దాన్ని అట్టిపెట్టుకోవాలంటే రేడియోకి ఒక ఖాళీ బఫర్ తిరిగి ఇవ్వాలి. మనింట్లో గ్యాస్ బండ లెక్క ఇది. ఖాళీ బండ ఇస్తేనే నిండు బండ. మీ దగ్గర ఖాళీ లేదా, వచ్చినదాన్నే వెనక్కి ఇచ్చెయ్యాలి, ఆ ప్యాకెట్ వదులుకోవాలి. దీనివల్ల రేడియోకి ఎప్పుడూ కనీసం ఒక బఫర్ ఉంటుంది, ఎంత రద్దీలోనైనా నోడ్ చెవిటిది అయిపోదు. టైనీఓఎస్ ఇంకో కట్టుబాటు కూడా పెట్టింది: ప్రోగ్రామ్ నడుస్తుండగా కొత్తగా మెమరీ అడగడం వద్దు, కంపైల్ చేసేటప్పుడే ఎవరికెంత అన్నది తేలిపోవాలి.

ఎందుకంత పట్టుదల? మాలాక్ వాడితే ఏమవుతుంది? ఇది అనుభవంలోంచి చెబుతాను. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లలు వాటర్ ట్యాంక్ మట్టం కొలిచే నోడ్ చేశారు. ఎనిమిది బిట్ల చిప్, 2 కేబీ ర్యామ్. టేబుల్ మీద బ్రహ్మాండంగా పనిచేసింది, డెమో రోజు చప్పట్లు కూడా పడ్డాయి. ట్యాంక్ మీద పెట్టాక నాలుగో రోజో ఐదో రోజో ఆగిపోయేది. రీసెట్ కొడితే మళ్ళీ నాలుగు రోజులు. ఆగిపోయినప్పుడు మోటారు కట్టేయాల్సిన సందేశం వెళ్ళేది కాదు, ట్యాంక్ పొంగి నీళ్ళన్నీ మెట్ల మీద. నన్ను పిలిస్తే వెళ్ళి కోడ్ చూశాను. రీడింగ్, తేదీ, నోడ్ పేరు అన్నీ స్ట్రింగ్‌లుగా ఒకదానికొకటి అతికిస్తున్నారు. ప్రతి అతుకుకూ హీప్‌లోంచి కొత్త ముక్క తీసుకోవడం, పాతది వదలడం. ముక్కల సైజు ప్రతిసారీ వేరు. 9 లీటర్లు ఉన్నప్పుడు ఒక సైజు, 1000 లీటర్లు ఉన్నప్పుడు ఇంకో సైజు.

హీప్ చిల్లులు పడటం అంటే ఇదే. బస్సులో ఎనిమిది సీట్లు ఖాళీగా ఉన్నాయి, కానీ ఒక్కోటి ఒక్కో చోట. ఐదుగురున్న కుటుంబం ఎక్కి "మేమంతా పక్కపక్కనే కూర్చోవాలి" అంటే చోటు లేదు. మెమరీ విషయంలో కుటుంబం విడిగా కూర్చోదు, బైట్లు వరుసగా ఉండాల్సిందే. మొత్తం 500 బైట్లు ఖాళీ ఉన్నా 120 బైట్ల ముక్క దొరకదు. దొరకనప్పుడు మాలాక్ సున్నా ఇస్తుంది. ఆ సున్నాను ఎవరూ సరిచూడకపోతే ప్రోగ్రామ్ అడ్రస్ సున్నాలో రాయడం మొదలుపెడుతుంది. పీసీలో అయితే ఆపరేటింగ్ సిస్టమ్ పట్టుకుని చంపేస్తుంది. ఇక్కడ పట్టుకునేవాడే లేడు. అది టెస్టులో ఎందుకు కనబడలేదంటే, చిల్లులు పడటానికి రోజులు పడుతుంది, డెమో పది నిమిషాలే కాబట్టి.

పిల్లలు ఆ స్ట్రింగ్‌లన్నీ తీసేసి ఒకే స్థిరమైన 48 బైట్ల అరే పెట్టారు. అంతే. ఆ తరువాత ఆగలేదు.

కాంటికీలో దీనికి చక్కటి ఏర్పాటు ఉంది, మెమ్‌బీ అంటారు. ఒకే సైజు గదులున్న హాస్టల్ అనుకోండి. 16 గదులు, ఒక్కోటి 32 బైట్లు. కావాలంటే ఒకటి తీసుకో, అయిపోతే ఇచ్చెయ్. అన్నీ ఒకే సైజు కాబట్టి ఏ గది ఖాళీ అయినా తరువాతివాడికి సరిపోతుంది, చిల్లులన్న మాటే లేదు. నష్టం ఏంటంటే, 20 బైట్లు కావాల్సినవాడికి కూడా 32 బైట్ల గదే, 12 బైట్లు వృథా. ఆ వృథా నాకు సమ్మతమే. ఎందుకంటే ఎంత వృథా అవుతుందో ముందే తెలుసు. మాలాక్‌లో ఎంత వృథా అవుతుందో నాలుగో రోజు దాకా తెలియదు. ఎంమెమ్ అని ఇంకోటి కూడా ఉంది కాంటికీలో. అది ముక్కలను జరిపి ఖాళీలన్నీ ఒక చివరకు చేరుస్తుంది. కానీ మీ డేటా చోటు మారిపోతుంది కాబట్టి నేరుగా పాయింటర్ దాచుకోకూడదు, ప్రతిసారీ హ్యాండిల్ ద్వారానే వెళ్ళాలి. ఆ క్రమశిక్షణ బృందంలో అందరికీ ఉంటుందని నమ్మకముంటేనే వాడండి.

స్టాక్ సంగతి. ఇక్కడ స్టాక్ అంటే ప్రోటోకాల్ స్టాక్ కాదు, ఫంక్షన్లు తమ లోకల్ వేరియబుల్స్ పెట్టుకునే చోటు. అది ర్యామ్ పై చివర నుంచి కిందికి పెరుగుతుంది. మన గ్లోబల్ వేరియబుల్స్, హీప్ కింది చివర నుంచి ఉంటాయి. మధ్యలో గోడ లేదు. రెండూ కలిసిపోతే ఎవరూ కేక పెట్టరు. నోడ్ చచ్చిపోతే నయం, వాచ్‌డాగ్ లేపుతుంది. ఒక్కోసారి చావకుండా, కాలిబ్రేషన్ విలువ ఉన్న చోట ఇంకేదో పడి, నెలల తరబడి తప్పుడు రీడింగులు పంపుతూ ఉంటుంది. ఆ డేటాతో ఎవరో నిర్ణయాలు తీసుకుంటూ ఉంటారు.

దీన్ని కొలవడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. బూట్ అవగానే ఖాళీ ర్యామ్ అంతా ఒకే గుర్తు విలువతో నింపెయ్యండి. వారం నడిపి, ఆ గుర్తు ఎక్కడిదాకా చెరిగిపోయిందో చూడండి. గోడకు వేసిన సున్నం చూసి వరద ఎంత ఎత్తు వచ్చిందో చెప్పినట్టు. ఇంటరప్ట్‌లు ఒకదాని మీద ఒకటి వచ్చిన క్షణంలోనే స్టాక్ అత్యధికంగా దిగుతుంది, అది గంటలో కనబడకపోవచ్చు, అందుకే వారం అన్నాను. రికర్షన్ వద్దు. 200 బైట్ల లోకల్ అరేలు వద్దు.

ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో స్టాక్ ఇవ్వలేకే కాంటికీలో ప్రోటోథ్రెడ్‌లు పెట్టారు. ఒక్కోదానికి అయ్యే ఖర్చు 2 బైట్లు. ఎక్కడ ఆగిందో ఆ లైన్ గుర్తు మాత్రమే ఉంచుకుంటుంది. కాబట్టి మధ్యలో ఆగి లేచాక లోకల్ వేరియబుల్ విలువ పోతుంది, నిలవాలంటే స్టాటిక్ అని పెట్టాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళలో నేను చూసినంతలో సగం మంది ఇక్కడే రెండు రోజులు పోగొట్టుకుంటారు.

ఇంకో చిన్న మాట: ఏవీఆర్ చిప్పుల మీద ప్రోగ్రామ్‌లో రాసిన ప్రతి స్థిరమైన స్ట్రింగ్, మీరు ప్రత్యేకంగా ప్రోగ్‌మెమ్ అని చెప్పకపోతే, బూట్‌లో ర్యామ్‌లోకి కాపీ అవుతుంది. 2 కేబీలో 600 బైట్లు "సెన్సర్ ఎర్రర్, దయచేసి చూడండి" లాంటి వాక్యాలకే పోతుంటాయి. ఎంఎస్‌పీ430లో ఈ బాధ లేదు.

రూటింగ్ టేబుల్‌కి వద్దాం. ఆర్‌పీఎల్ అని 2012లో వచ్చిన ప్రమాణం ఉంది. చెట్టులాగా నోడ్లను పేర్చి, వేరు దగ్గర ఇంటర్నెట్‌కు కలుపుతుంది. స్టోరింగ్ మోడ్‌లో ప్రతి నోడూ తన కింద ఉన్న వాళ్ళందరి దారులూ గుర్తుపెట్టుకోవాలి. ఐపీవీ6 అడ్రస్ ఒక్కటే 16 బైట్లు, పక్క వివరాలతో కలిపి ఒక్కో ఎంట్రీకి 24 అనుకుంటే, కింద 50 నోడ్లు ఉన్నవాడికి 1200 బైట్లు. వేరుకు దగ్గరున్నవాడికే బరువు, కానీ వాడి చేతిలో ఉన్నది కూడా అదే 10 కేబీ. నాన్-స్టోరింగ్ మోడ్‌లో దారులన్నీ వేరు నోడ్ ఒక్కటే దాచుకుంటుంది, కిందికి పోయే ప్రతి ప్యాకెట్ మీదా దారి మొత్తం రాసి పంపుతుంది. ప్యాకెట్ లావవుతుంది. నేను రెండోదాని వైపే మొగ్గుతాను. వేరు నోడ్ మామూలుగా గోడకు ప్లగ్ పెట్టిన లైనక్స్ బోర్డు, దానికి మెమరీకి లోటు లేదు. కాంటికీ-ఎన్‌జీలో మామూలుగా వచ్చే ఆర్‌పీఎల్-లైట్ కూడా నాన్-స్టోరింగ్ ఒక్కటే ఇస్తుంది. టేబుల్ నిండితే ఎవర్ని తీసెయ్యాలన్నది మాత్రం ఏ మోడ్‌లోనైనా ముందే ఆలోచించుకోవాలి. కొత్తవాడి కోసం పాతవాణ్ణి, మళ్ళీ పాతవాడి కోసం కొత్తవాణ్ణి తీస్తూ పోతే నెట్‌వర్క్ అంతా ఆ పనిలోనే ఉంటుంది.

ఇక ఫ్లాష్. మీరు నిమిషానికి ఒకసారి ఉష్ణోగ్రత కొలిచి 2 బైట్లలో దాస్తే రోజుకు 2880 బైట్లు. 1 ఎంబీ ఫ్లాష్ నిండటానికి ఏడాది పడుతుంది. బోలెడంత చోటు అనిపిస్తుంది కదా. ఇప్పుడు అదే బోర్డును అగ్నిపర్వతం మీద పెడదాం.

నిజంగానే పెట్టారు. 2005లో ఈక్వడార్‌లోని రెవెంటడోర్ అగ్నిపర్వతం మీద, హార్వర్డ్ నుంచి మాట్ వెల్ష్ బృందం, భూకంప శాస్త్రవేత్తలతో కలిసి. 16 నోడ్లు, సుమారు 3 కిలోమీటర్ల పొడవునా, 19 రోజులు. భూమి కదలికలను, శబ్దాన్ని సెకనుకు 100 సార్లు కొలవాలి. ఆ వేగంలో 1 ఎంబీ ఫ్లాష్ ఎంతసేపు వస్తుందో తెలుసా? సుమారు 20 నిమిషాలు! అక్కడ ఏడాది, ఇక్కడ 20 నిమిషాలు. అన్ని నోడ్ల డేటా అంతా రేడియోలో పంపేద్దామా అంటే, బ్యాండ్‌విడ్త్ చాలదు.

వాళ్ళు ఫ్లాష్‌ను గుండ్రటి బఫర్‌గా వాడారు. చివరికి రాగానే మళ్ళీ మొదటి నుంచి పాతదాని మీద రాస్తూ పోవడం. అంటే ప్రతి నోడ్‌కీ గత 20 నిమిషాలే గుర్తుంటాయి. ప్రతి నోడ్ తనంతట తాను ఒక చిన్న లెక్క చేస్తుంది: ఈ కొద్ది క్షణాల సగటు, చాలాసేపటి సగటుతో పోలిస్తే ఎంత? హఠాత్తుగా పెరిగితే "ఏదో జరిగింది" అని బేస్ స్టేషన్‌కు చిన్న సందేశం. తగినన్ని నోడ్లు ఒకే సమయంలో అలా అంటే, అప్పుడు బేస్ స్టేషన్ ఒక్కో నోడ్‌నీ అడిగి ఆ 60 సెకన్ల డేటా తెప్పించుకుంటుంది. మిగతాదంతా చెరిగిపోతుంది.

ఇక్కడ కాస్త ఆలోచించండి. ఏది చెరిగిపోవాలో నిర్ణయిస్తున్నది ఆ చిన్న లెక్క. అది పట్టుకోలేని మెల్లటి కదలిక ఉంటే, కొలిచారు, రాశారు, 20 నిమిషాల్లో పోయింది. మళ్ళీ ఏ శాస్త్రవేత్తకూ దొరకదు. కాబట్టి ఆ పరిమితిని ఎక్కడ పెట్టాలన్నది ప్రోగ్రామర్ ఒక్కడూ కూర్చుని తేల్చే విషయం కాదు, భూకంప శాస్త్రవేత్త పక్కన ఉండాలి. మీరు చేసే నోడ్‌లో కూడా ఇదే ప్రశ్న వస్తుంది: చోటు నిండినప్పుడు పాతది తీసెయ్యాలా, కొత్తది వద్దనాలా? వాతావరణం అయితే పాత రీడింగులను గంటకొక సగటు, కనిష్ఠం, గరిష్ఠంగా కుదించి ఉంచుకోవచ్చు. ప్రమాద కారణం తేల్చే రికార్డు అయితే ప్రమాదానికి ముందున్న నిమిషాలే బంగారం, వాటి మీద ఇంకేదీ పడకూడదు. అది రాసుకున్నాకే కోడ్ మొదలుపెట్టండి.

ఫ్లాష్‌లో చెరపడం బైట్ల లెక్కన కుదరదు, పెద్ద సెక్టార్ మొత్తం చెరపాలి. ఒక్కో సెక్టార్ ఇన్నిసార్లే అన్న పరిమితి కూడా ఉంది. ఒకే కౌంటర్ విలువను ఒకే చోట మళ్ళీ మళ్ళీ రాస్తే ఆ చోటు ముందే అరిగిపోతుంది. అందుకే చేర్చుకుంటూ పోవడం, అన్ని సెక్టార్లనూ వంతులవారీగా వాడటం. కాంటికీలో కాఫీ అనే ఫైల్ సిస్టమ్ ఉంది, 2009లో వచ్చింది, తక్కువ ర్యామ్‌తో ఇవన్నీ చూసుకుంటుంది. సొంతంగా రాసుకునే ముందు అది చూడండి.

చివరగా ఒక్క విషయం. బైట్లు పొదుపు చేయడంలో ఒక చోట మాత్రం చేయి బిగించకూడదు. 2020 డిసెంబర్‌లో ఫోర్‌స్కౌట్ అనే సంస్థ పరిశోధకులు అమ్నీషియా:33 పేరుతో 33 లోపాలు బయటపెట్టారు. నాలుగు ఓపెన్ సోర్స్ స్టాక్‌లలో: యూఐపీ, పికోటీసీపీ, ఎఫ్‌నెట్, నట్/నెట్. 150కి పైగా కంపెనీల ఉత్పత్తులకు ఈ దెబ్బ తగిలింది. చాలావాటి మూలం ఒక్కటే. ప్యాకెట్‌లో "నా పొడవు ఇంత" అని రాసి ఉన్నదాన్ని సరిచూడకుండా నమ్మడం. నేను ఇందాక అంతగా మెచ్చుకున్న యూఐపీ కూడా ఆ జాబితాలో ఉంది. ఆ మెచ్చుకోలు వెనక్కి తీసుకోను. కానీ పాత కోడ్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసి పది, పదిహేనేళ్ళు ఉండే వస్తువుల్లో పెట్టి, అప్‌డేట్ దారి కూడా లేకుండా అమ్మేశారు చూడండి, దాన్ని మాత్రం మెచ్చుకోలేను. పొడవు సరిచూసే రెండు లైన్లకు పట్టేది ఫ్లాష్‌లో ఇరవై, ముప్ఫై బైట్లు. ర్యామ్‌లో దాదాపు ఏమీ లేదు.

ఈ వారం ఇంటిపని. మీ ప్రాజెక్టు కంపైల్ చేశాక సైజ్ అనే కమాండ్ నడపండి. టెక్స్ట్, డేటా, బీఎస్‌ఎస్ అని మూడు అంకెలు చూపిస్తుంది. డేటా, బీఎస్‌ఎస్ రెండూ కలిపితే మీ ర్యామ్‌లో ముందే ఖర్చయిపోయింది. చిప్ ర్యామ్‌లోంచి అది తీసేస్తే మిగిలిందే మీ స్టాక్‌కి. హీప్ వాడుతుంటే ఆ మిగిలినదాంట్లోనే దానికీ వాటా. ఆ అంకె నాకు మెయిల్ చేయండి, ఏ చిప్పో కూడా రాయండి. ఆ మెయిల్ రాసిన అమ్మాయి, మీరు కూడా.

వచ్చే ఎపిసోడ్‌లో టైమ్ సింక్రనైజేషన్. 16 నోడ్ల గడియారాలు 16 రకాలుగా నడుస్తుంటే ఏ కదలిక ముందో ఏది వెనకో ఎలా తేల్చాలన్నది చూద్దాం.